బెర్లిను నగరమున కొలదికాలపు అద్దె యిల్లు

ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు అని మన పెద్దలు చెప్పిరి. ఈ కాలమున ఆ రెంటికిని మూడవదానిని చేర్చవలసియున్నది: పరదేశమున నాలుగు నెలలకు ఇల్లు వెదకి చూడు. మన ఇండ్లలోని యువతీయువకులు చదువు కొఱకు, ఉద్యోగము కొఱకు జర్మనీ దేశమునకు పెద్దసంఖ్యలో పోవుచున్నారు. 2022-23 చలికాలపు సెమిస్టరునాటికి ఆ దేశమున చదువుచున్న విదేశీ విద్యార్థులలో భారతీయులు చైనావారిని దాటి మొదటి స్థానమునకు వచ్చిరి. అందు తెలుగువారును అనేకులు కలరు. విశ్వవిద్యాలయపు అనుమతి పత్రము వచ్చును, వీసా వచ్చును, విమానపు టిక్కెట్టు చేతికందును. కాని దిగిన రాత్రి తల దాచుకొను చోటు ఏదియో తేలదు. ఆ తొందరలో ఇంటివారు అప్పు చేసి కూర్చిన సొమ్మును, ముఖము చూడని మనిషికి, గుమ్మము చూడని ఇంటికి పంపి పోగొట్టుకొనుట జరుగుచున్నది.

అట్టి నష్టము కలుగకుండుటకు తెలియవలసిన విషయములను ఇచ్చట వివరించెదము. ఉదాహరణకు బెర్లిను నగరమును గైకొందము. అద్దెను గూర్చిన ముఖ్యమైన చట్టములు జర్మనీ దేశమంతటికి ఒక్కటే కనుక, ఇందు చెప్పునది చాలవఱకు మ్యూనిచ్, హాంబర్గు మొదలగు నగరములకును వర్తించును.

మొదట బెర్లినులో ఇల్లు దొరకుట ఏల కష్టమో తెలిసికొనవలెను. ఆ నగరమున సొంత యిల్లు కలవారు తక్కువ. పది కుటుంబములలో ఎనిమిదికి పైగా అద్దె ఇండ్లలోనే జీవితము గడపుచుండును. 1989లో నగరమును రెండుగా చీల్చిన గోడ తొలగిన తరువాత కొంతకాలము ఖాళీ ఇండ్లు విరివిగానే ఉండెడివి. నగర ప్రభుత్వము తన గృహసంస్థలలో ఒకదానిని, సుమారు 65,000 ఇండ్లతో సహా, 2004లో ప్రైవేటువారికి విక్రయించినది కూడ. తరువాతి కాలమున జనము పెరిగినది. ఇండ్లు ఆ మేరకు పెరుగలేదు. అద్దెదారునకు చట్టము గట్టి రక్షణ నిచ్చుటచేత ఒకసారి ప్రవేశించినవాడు తేలికగా ఖాళీ చేయడు. అందుచేత యజమాని కొత్తవానిని ఎన్నుకొనునప్పుడు మిక్కిలి జాగ్రత్త వహించును. మూడు నెలల జీతపు చీటీలు అడుగును. అప్పులు సరిగా తీర్చిన మనిషియేనా అని తెలుపు షూఫా అను సంస్థ పత్రమును అడుగును. నిన్న విమానము దిగిన విద్యార్థికి ఈ రెండును ఉండవు. కనుక నేరుగా దీర్ఘకాలపు ఇల్లు సంపాదించుట వానికి అరుదు. మొదట కొలదినెలలకు ఒక చోటు చూచుకొని, కాగితములు సమకూర్చుకొని, పిమ్మట స్థిరమైన ఇంటికి మారుట అచ్చటి సామాన్యమైన మార్గము.

విహారయాత్రకు వచ్చువారు దిగు ఇండ్లలోనే నాలుగు నెలలు గడపరాదా అని కొందఱు అడుగుదురు. ఇచ్చట నగరపు చట్టము అడ్డు వచ్చును. కాపురమునకు కట్టిన ఇండ్లను రోజుల లెక్కన, వారముల లెక్కన పదే పదే యాత్రికులకు ఇచ్చుట లాభసాటి యగుటచే పలువురు యజమానులు ఆ దారి పట్టిరి. నగరవాసులకు ఇండ్లు కఱవైనవి. అందుచేత బెర్లిను ప్రభుత్వము కాపురపు ఇండ్లను ఇతర ప్రయోజనములకు వాడరాదను నిషేధమును 2014 మే నెల నుండి అమలులో పెట్టినది. అప్పటికే అట్లు ఇచ్చుచున్నవారికి ఇచ్చిన రెండేండ్ల గడువు 2016 ఏప్రిలుతో ముగిసినది. 2018లో చట్టమును సవరించి, అనుమతి నియమములను మార్చి, ప్రకటనలలో నమోదు సంఖ్య చూపవలెనని విధించి, ఉల్లంఘించినవారికి 5 లక్షల యూరోల వఱకు జరిమానా నిర్ణయించిరి. జరిమానా ఇచ్చినవానికే కాని దిగినవానికి కాదు. అయినను ఇచ్చినవాడు చిక్కులో పడిన నాడు, దిగినవాని గదికి భరోసా ఉండదు. కనుక దినముల లెక్కన ఇచ్చు ఇల్లు మొదటి వారమునకో పక్షమునకో మాత్రమే ఉపయోగము. అదియు నమోదు సంఖ్య గలదై యుండవలెను.

ఇక నెలల లెక్కన దొరకు చోట్లు ముఖ్యముగా మూడు విధములు. మొదటిది విద్యార్థి వసతిగృహము. నగరమున ష్టుడీరెండెన్‌వెర్క్ అనబడు విద్యార్థి సంక్షేమ సంస్థ వీనిని నడపును. అద్దె తక్కువ, మోసమునకు తావు లేదు. కాని గదులకంటె అడుగువారు ఎక్కువ గనుక వేచియుండుట నెలల తరబడి సాగును. విశ్వవిద్యాలయములో చోటు దొరకిన దినముననే దరఖాస్తు పంపవలెను. రెండవది కలసి నివసించు ఇల్లు. ముగ్గురు నలుగురు ఒక ఇంటిని పంచుకొని, ఒక్కొక్కరు ఒక్కొక్క గది తీసికొని, వంటగదిని, స్నానపు గదిని ఉమ్మడిగా వాడుకొందురు. దీనిని అచ్చటివారు పొట్టిపేరుతో వే-గే అందురు. మూడవది మలి అద్దె. ఇంటిలో ఉన్న అద్దెదారు కొన్ని నెలలు వేఱొక ఊరు పోవుచు, తన గదిని సామానుతో సహా ఇతరునకు ఇచ్చి పోవుట. దీనికి ట్స్విషెన్‌మీటె అని పేరు. ఇవి గాక సామాను అమర్చిన ఇండ్లను నెలలకు ఇచ్చు వ్యాపార సంస్థలును కలవు. వాని అద్దె హెచ్చు.

మలి అద్దెకు కాలము కలిసిరావలెను. జర్మనీలో పాఠములు చలికాలపు సెమిస్టరునకు అక్టోబరు నడుమను, వేసవి సెమిస్టరునకు ఏప్రిలు నడుమను ఆరంభమగును. జూలై నడుమ నుండి అక్టోబరు నడుమ వఱకు, ఫిబ్రవరి నడుమ నుండి ఏప్రిలు నడుమ వఱకు పాఠములుండవు. ఆ దినములలో అచ్చటి విద్యార్థులు పలువురు సొంత ఊళ్లకో, శిక్షణలకో పోవుదురు. అప్పుడు గదులు దొరకును. సెప్టెంబరు చివర, అక్టోబరు మొదట అందఱును ఒక్కసారి వచ్చిపడుదురు. వీలున్నవారు నెల ముందుగా పోయినచో సగము కష్టము తీఱును.

మలి అద్దెలో మఱువరాని సంగతి ఒకటి కలదు. జర్మన్ పౌరస్మృతి ప్రకారము అద్దెదారు యజమాని అనుమతి లేక ఇంటిని ఇతరులకు ఇవ్వరాదు. న్యాయమైన కారణము చూపి ఇంటిలో కొంతభాగమును మాత్రము ఇచ్చుటకు అనుమతి కోరినచో యజమాని సామాన్యముగా కాదనరాదు. కాని అడుగుట తప్పదు. అడుగక ఇచ్చిన అద్దెదారు తన ఇంటినే పోగొట్టుకొనవచ్చును. అప్పుడు లోపలనున్న మన విద్యార్థికి యజమానితో ఏ ఒడంబడికయు లేనందున, పెట్టె సర్దుకొని బయలుదేరుట తప్ప గతి లేదు. కావున యజమాని అనుమతి పత్రమును చూపుడని అడుగుటకు సంకోచింపనక్కరలేదు. అచ్చట అట్లు అడుగుటను ఎవరును తప్పుపట్టరు.

ఇంతకంటె ముఖ్యమైనది నివాస నమోదు. మనదేశమున ఇల్లు మారినచో పొరుగువారికి చెప్పుదుము. తీరికైనప్పుడు కార్డులలో చిరునామా మార్పించుకొందుము. జర్మనీలో ఇంట ప్రవేశించిన 2 వారములలోపల పౌర కార్యాలయమున పేరు నమోదు చేయించుకొనవలెను. దీనిని ఆన్‌మెల్డుంగ్ అందురు. విదేశమున కాపురముండి, 3 నెలలకు మించక ఉండి తిరిగిపోవువారికి ఈ నిర్బంధము లేదు. చదువునకు పోవువారికి తప్పదు. 2015 నవంబరు 1 నుండి, ఇల్లు ఇచ్చినవాడు ఫలానివారు నా యింట ప్రవేశించిరని వ్రాసి సంతకము చేసిన పత్రమును గూడ చూపవలెను. మలి అద్దెలో ఆ పత్రమును ఇల్లు ఇచ్చిన అద్దెదారే ఇచ్చును.

ఈ నమోదు పైననే తక్కినవన్నియు ఆధారపడియుండును. పన్ను సంఖ్య ఆ చిరునామాకే తపాలాలో వచ్చును. బ్యాంకు కార్డు, ఆరోగ్య బీమా కార్డు అట్లే వచ్చును. నివాసానుమతి పొడిగింపునకు నమోదు పత్రము చూపవలెను. మఱియొక చిన్న విశేషము: బెర్లినులోని అద్దె మేడలలో సామాన్యముగా వాటాలకు సంఖ్యలుండవు. ఉత్తరములపెట్టె మీదను, గంట మీట ప్రక్కనను ఉన్న పేరును చూచియే తపాలావాడు ఉత్తరము వేయును. పేరు అంటింపనిచో ఉత్తరము తిరిగిపోవును. ఇల్లు ఇచ్చెదము గాని నమోదు చేసికొనరాదు అని కొందఱు ప్రకటనలలోనే వ్రాయుదురు. అట్టి చోట కప్పు ఉండును, చిరునామా ఉండదు. పదిదినములకైన సరిపోవును, నాలుగు నెలలకు పనికిరాదు.

ఇప్పుడు సొమ్ము సంగతి. ప్రకటనలో కనబడు అద్దె రెండు విధములు. చల్లని అద్దె అనగా వట్టి గోడలకు చెల్లించునది. వెచ్చని అద్దె అనగా దానికి వెచ్చదనము కల్పించు ఖర్చు, నీరు, చెత్త తీసికొనిపోవుట, మెట్ల శుభ్రత మొదలగు ఖర్చులు చేర్చినది. వెచ్చని అద్దెలో గూడ విద్యుత్తు, ఇంటర్నెట్టు పలుమారు చేరవు. గదుల లెక్కయు మనకు వింతగా తోచును. రెండు గదుల ఇల్లు అన్నచో కూర్చుండు గదియు పడకగదియు కలిపి రెండు. వంటగది, స్నానపు గది ఆ లెక్కలోనికి రావు. సామాను లేని ఇండ్లు పెక్కింట వంట గట్టును, పొయ్యియు గూడ ఉండవు. కొలదికాలమునకు పోవువారు సామాను అమర్చిన చోటునే చూచుకొనుట మేలు.

రేడియో గల గృహస్థులకు ఆసక్తి కలిగించు ఖర్చు ఒకటి కలదు. ఒకప్పుడు మనదేశమున రేడియో ఉన్నవారు ఏటేట లైసెన్సు రుసుము కట్టెడివారు గదా. జర్మనీలో 2013 నుండి రేడియో ఉన్నను లేకున్నను ఇంటికి ఇంత అని ప్రసార రుసుము వసూలు చేయుచున్నారు. 2021 ఆగస్టులో దానిని నెలకు 18.36 యూరోలుగా నిర్ణయించిరి. నమోదైన కొన్నాళ్లకు దానిని గూర్చిన ఉత్తరము తప్పక వచ్చును. అయితే ఇంటికి ఒక్కరు చెల్లించిన చాలును. ఆ యింట మఱియొకరు చెల్లించుచున్నచో వారి ఖాతా సంఖ్యను తెలిపి జవాబు వ్రాయవలెను. ఉత్తరమును ప్రక్కన పడవేసినచో బకాయి పెరుగును.

అద్దెకంటె బరువైనది ధరావతు. మన పట్టణములలో అడ్వాన్సు ఎంతయన్నది బేరమును బట్టి యుండును. జర్మనీలో దానికి చట్టము హద్దు పెట్టినది: 3 నెలల చల్లని అద్దెకు మించరాదు. అంతేకాదు, దానిని మూడు సమాన భాగములుగా చెల్లించు హక్కు అద్దెదారునకు కలదు. మొదటి భాగము అద్దెకాలము ఆరంభమైనప్పుడు, తక్కిన రెండును తరువాతి రెండు నెలల అద్దెలతో చెల్లింపవచ్చును. ఈ హక్కు మన విద్యార్థులకు ఎంత అవసరమో లెక్క వేసి చూతము. విద్యార్థి వీసా కొఱకు సొమ్మును ప్రత్యేక ఖాతాలో కట్టియుంచవలెను. 2024 సెప్టెంబరు 1 నుండి ఆ మొత్తమును ఏడాదికి 11,904 యూరోలుగా పెంచిరి. అందుండి నెలకు 992 యూరోలు మాత్రమే వెలికి వచ్చును. చల్లని అద్దె 500, వెచ్చని అద్దె 600 యూరోలు గల గది దొరకినదనుకొందము. ధరావతు 1,500 వఱకు అడుగవచ్చును. దానిని ఒక్కసారి ఇమ్మన్నచో మొదటి నెలనే 2,100 కావలెను. మూడు భాగములు చేసినను 1,100 కావలెను. రెండును 992ను మించినవే. ఇక బీమాకు, భోజనమునకు ఏమి మిగులును? కనుక ఖాతాలోని సొమ్ము గాక, మొదటి మూడు నెలల కొఱకు వేఱుగా కొంత సొమ్ము సిద్ధపఱచి పంపవలెనని తల్లిదండ్రులు ముందుగా ఎఱిగియుండుట మంచిది.

మఱి మోసము ఎట్లు జరుగును? దాని తీరు ఇంచుమించు ఎప్పుడును ఒక్కటే. నగరము నడుమ, అందమైన చిత్రములతో, ఇతర ఇండ్లకంటె చౌకగా ఒక ఇల్లు కనబడును. ఉత్తరము వ్రాసినచో యజమాని మర్యాదగా జవాబిచ్చును. తాను ప్రస్తుతము వేఱొక దేశమున నున్నాననియు, ఇల్లు చూపుటకు ఎవరును లేరనియు, మొదటి నెల అద్దెయు ధరావతును పంపినచో తాళపుచెవులు తపాలాలో పంపెదననియు వ్రాయును. సొమ్ము మఱియొక దేశపు ఖాతాకు పంపుమనును. నమ్మకము కొఱకు తన పాస్‌పోర్టు నకలు పంపి, మనది అడుగును. వాడు పంపినది అంతకుముందు మోసపోయిన వేఱొకరిది కావచ్చును. మనము పంపినది రేపు మఱియొకరిని మోసగించుటకు వాడవచ్చును. అడుగువారు చాలమంది ఉన్నారు, ఈ రాత్రికే పంపుడు అని తొందరపెట్టును. ఆ తొందరయే మొదటి గుర్తు.

దీనికి మందు ఒక్కటే. ఇల్లు చూడక సొమ్ము పంపరాదు. మనము చూడలేనిచో మనవారెవరైన పోయి చూడవలెను. ఆ నగరమున తెలుగు విద్యార్థులు చాలమంది ఉన్నారు. ఒక గంట వెచ్చించి గుమ్మము తట్టి వచ్చుటకు ఎవరో ఒకరు దొరకుదురు. అదియు వీలుకానిచో మొదటి రెండు వారములకు హోటలులోనో, యువజన విడిదిలోనో దిగి, స్వయముగా తిరిగి చూచుకొనవలెను. హోటలు ఖర్చు ఎక్కువగా తోచును. పోయిన 2,000 యూరోలతో పోల్చినచో తక్కువయే. ఇల్లు చూపుటకు రుసుము, దరఖాస్తుకు రుసుము అని అడుగువారిని నమ్మరాదు. 2015 జూన్ నుండి ఇండ్ల మధ్యవర్తిని ఎవరు నియమించిరో వారే అతని రుసుము ఇయ్యవలెనని జర్మనీ చట్టము. ఒకవేళ సొమ్ము పంపిన తరువాత అనుమానము కలిగినచో, సిగ్గుపడి దాచుకొనక వెంటనే బ్యాంకునకు తెలిపి పంపకమును ఆపించుటకు ప్రయత్నింపవలెను. పోలీసులకు ఫిర్యాదు చేయవలెను. బెర్లిను పోలీసులు ఇంటర్నెట్టు ద్వారమునను ఫిర్యాదు స్వీకరింతురు.

ఇల్లు నిజమైనదని తేలిన పిమ్మట ఒడంబడిక వ్రాతపూర్వకముగా ఉండవలెను. ఇరువురి పేర్లు, ఇంటి చిరునామా, ఏ తేదీ నుండి ఏ తేదీ వఱకు, అద్దె ఎంత, అందు ఏయే ఖర్చులు చేరినవి, ధరావతు ఎంత, ఎప్పుడు తిరిగి ఇత్తురు అను సంగతులు అందు ఉండవలెను. తేదీలు నిర్ణయించుకొన్న ఒడంబడికను నడుమ రద్దు చేసికొనుట సులభము కాదు. నాలుగు నెలలకు సంతకము చేసి రెండవ నెలలో వెళ్లినను అద్దె తప్పకపోవచ్చును. ఇంకొక సంగతి. తాత్కాలికముగా మాత్రమే ఇచ్చిన ఇండ్లకు జర్మన్ చట్టపు రక్షణ కొంత తక్కువ. అద్దె మితిమీరకుండ 2015లో బెర్లినులో తెచ్చిన నియంత్రణ వానికి వర్తింపదు. ఖాళీ చేయింపరాదను రక్షణయు వానికి పూర్తిగా లేదు. కొలదికాలపు అద్దె హెచ్చుగా ఉండుటకు ఇది ఒక కారణము. అందుచేత ఆ యింట స్థిరపడుదమని తలపక, చేరిన దినము నుండియే తరువాతి ఇంటిని వెదకుచుండవలెను.

ప్రవేశించునాడు ఇరువురును కలిసి ఇల్లంతయు చూచి, గోడమీది మఱకలు, నేలమీది గీతలు, పగిలిన అద్దములు, మీటరు అంకెలు, తాళపుచెవుల సంఖ్య వ్రాసి సంతకములు చేయుట అచ్చటి ఆచారము. చిత్రములు తీసియుంచుకొన్నచో మఱింత మేలు. తాళపుచెవిని పోగొట్టరాదు. మేడకంతటికి ఒకే తాళపు వరుస ఉన్నచోట ఒక్క చెవి పోయినను తాళములన్నియు మార్పించు ఖర్చు మీద పడవచ్చును.

ఇంటిలో మెలగుటకును కొన్ని పద్ధతులున్నవి. రాత్రి 10 గంటల నుండి ఉదయము 6 గంటల వఱకు, ఆదివారము దినమంతయు పొరుగువారికి చప్పుడు వినబడరాదు. కాగితములు నీలపు తొట్టిలో, కూరగాయల తొక్కలు గోధుమరంగు తొట్టిలో వేయవలెను. చలికాలమున గూడ దినమునకు రెండు మూడు మాఱులు కిటికీలు బార్లా తెఱచి కొద్దినిమిషములు గాలి ఆడనీయవలెను. లేనిచో గోడలు చెమ్మగిల్లి బూజు పట్టును. ధరావతు తగ్గించుటకు అది తరచుగా చెప్పబడు కారణము. బెర్లిను ఇండ్లలో పడకగదులకు, నడవలకు పొగను పసిగట్టు యంత్రములు తప్పనిసరి. పాత ఇండ్లలో గూడ 2020 చివరికి వానిని అమర్చవలెనని గడువు పెట్టిరి. మన ఎండుమిరపకాయల తాళింపు ఘాటునకు అవి కూయవచ్చును. తాళింపు మానుకొననక్కరలేదు, వంటగది తలుపు మూసి, కిటికీ తెఱచి వేసిన చాలును.

ఖాళీ చేయునాడు మరల ఇల్లు చూచి, చెవులు అప్పగించినట్లు సంతకము తీసికొనవలెను. ధరావతు ఆ దినముననే చేతికి రాదు. ఇన్ని దినములలో ఇయ్యవలెనని చట్టము నిర్ణయింపలేదు. లెక్కలు చూచుకొనుటకు యజమానికి కొన్ని నెలల వ్యవధిని న్యాయస్థానములు అంగీకరించినవి. కావున ఖాతా వివరములు వ్రాసియిచ్చి, తేదీని కాగితముపై వ్రాయించుకొనవలెను. దేశమునే విడిచి వచ్చువారు పౌర కార్యాలయమున తమ నమోదును గూడ తీయించుకొనవలెను.

సొమ్ము ఇచ్చట నుండి పంపువారు పెద్దలు. పంపుటకు ముందు వారు పిల్లలను మూడు ప్రశ్నలు అడిగిన చాలును. ఆ యింట నివాసము నమోదు చేయించుకొనవచ్చునా? ఇచ్చువాడు యజమాని కానిచో యజమాని అనుమతి పత్రమును చూచితివా? ఆ గుమ్మము తొక్కి వచ్చినవారెవరు? మూడింటికిని సరియైన జవాబు వచ్చిన పిమ్మట బ్యాంకునకు పోవచ్చును. ఒక్కదానికి జవాబు రాకున్నను ఆ రాత్రికి సొమ్ము ఆపుట మేలు.